ఇంటి దొంగ, నోరు విప్పని ఇల్లు: జపాన్‌లో రాజకీయ సొమ్ము కేసులు

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. ఎత్తినా నేను చేసేదేం లేదు, మైకు ఇదొక్కటే. కాస్త ముందుకొచ్చి కూర్చోండి, ఈ వరుసలన్నీ ఖాళీయే.

ముందు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఒక ఇంట్లో డబ్బు పోయింది. ఎవరు తీశారో ఇంటాయనకు తెలుసు. పక్కింటివాళ్లకీ తెలుసు. పోలీసులు వచ్చి అడిగితే మాత్రం ఆయన "నా డబ్బేమీ పోలేదండీ, వెళ్లిరండి" అంటున్నాడు. కేసు ఉంటుందా? ఉంటుందనేవాళ్లు చేతులెత్తండి. ఊఁ. ఉండదనేవాళ్లు? అమ్మో, వీళ్లే ఎక్కువ. సరే. గంట తర్వాత మళ్లీ అడుగుతాను, చేతులు గుర్తుపెట్టుకోండి.

మన పెద్దవాళ్లు ఒక మాట అనేవారు కదా, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని. ఈశ్వరుడి సంగతి నాకు తెలియదు. ప్రాసిక్యూటర్ పట్టగలడా లేదా అన్నదే ఈ పూట మన విషయం. అదీ జపాన్‌లో. జపాన్ ఎందుకూ, మన దగ్గర కరువొచ్చిందా అని మీరు అడగొచ్చు. కరువేం లేదు. కానీ అక్కడ ఈ ప్రశ్న చాలా శుభ్రంగా కనిపిస్తుంది. చట్టంలో మాటలు తక్కువ, పరిశోధనకు దిగితే గట్టిగా దిగుతారు, కోర్టుకెళ్లిన కేసులో శిక్ష పడకపోవడం చాలా అరుదు. అలాంటి చోట కూడా ఒక రకం కేసు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి పోతుంది. ఎందుకు పోతుంది? అదీ చూడాల్సింది.

చట్టంతో మొదలుపెడదాం, త్వరగా కానిచ్చేద్దాం. జపాన్ శిక్షాస్మృతి 1907 నాటిది. అందులో 252వ ఆర్టికల్: మీ చేతికి నమ్మి అప్పగించిన వేరొకరి సొమ్మును మీరు సొంతం చేసుకుంటే నేరం. దాన్ని వాళ్లు ఓర్యో అంటారు. శిక్ష 5 ఏళ్ల వరకు. 253వ ఆర్టికల్: అదే పని మీ ఉద్యోగంలో భాగంగా మీ దగ్గరున్న డబ్బుతో చేస్తే 10 ఏళ్ల వరకు. క్యాషియర్, కోశాధికారి, సంఘం లెక్కలు చూసేవాడు, వీళ్లందరూ ఈ రెండోదాని కిందికి వస్తారు. రాజకీయ సంస్థ లెక్కలు చూసేవాడు కూడా.

ఇప్పుడు అసలు ప్రశ్న. దీనికి బాధితుడి ఫిర్యాదు తప్పనిసరా? కాదు. మళ్లీ చెబుతున్నాను, రాసుకునేవాళ్లు రాసుకోండి: కాదు. జపాన్‌లో షింకొకుజై అని ఒక తరగతి నేరాలున్నాయి. వాటిలో బాధితుడు ఫిర్యాదు ఇస్తేనే ప్రాసిక్యూటర్ కోర్టుకు వెళ్లగలడు. పరువునష్టం అలాంటిది. ఎవరి వస్తువునైనా పగలగొట్టడం అలాంటిది. ఓర్యో ఆ తరగతిలో లేదు. ప్రాసిక్యూటర్‌కు తెలిస్తే చాలు, సొమ్ముగలవాడు నోరు మూసుకున్నా కేసు పెట్టొచ్చు.

ఒక్క మినహాయింపు ఉంది, అది కుటుంబం. భర్త సొమ్ము భార్య, తండ్రి సొమ్ము కొడుకు, ఒకే ఇంట్లో ఉండే బంధువులు, వీళ్ల మధ్య జరిగితే నేరమైనా శిక్ష లేదు. వేరే ఇంట్లో ఉండే బంధువైతే ఫిర్యాదు ఉంటేనే కేసు. చట్టం ఇంటి గడప దగ్గర ఆగిపోతుందన్నమాట. అర్థం చేసుకోదగ్గదే. కానీ 2008లో ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక నాయనమ్మో అమ్మమ్మో, ఆవిడ తన మనవడికి కోర్టు నియమించిన గార్డియన్. మనవడి పొదుపు డబ్బు తీసి వాడేసింది. "నేను వాడి సొంత మనిషిని, మినహాయింపు ఇవ్వండి" అంది. సుప్రీంకోర్టు ఏమందో తెలుసా? గార్డియన్ పని ఇంటి పని కాదు, అది ప్రజా స్వభావం ఉన్న బాధ్యత, ఆ కుర్చీలో కూర్చున్నాక బంధుత్వం పనికిరాదు అంది. ఈ కేసును ఒక పక్కన పెట్టుకోండి. దానికి మళ్లీ వస్తాను. నేను మర్చిపోతే గుర్తుచెయ్యండి.

సరే, ఫిర్యాదు అక్కర్లేదు. మరి అయితే గొడవేముంది? రాజకీయ నాయకుడు సంస్థ డబ్బు తిన్నాడు, ప్రాసిక్యూటర్ పట్టుకున్నాడు, అయిపోయింది కదా?

అయిపోలేదు. ఎందుకంటే ఫిర్యాదు అక్కర్లేకపోవచ్చు, సాక్షి కావాలి. ఓర్యో కేసు నిలబడాలంటే ఏం రుజువు చెయ్యాలి? ఆ సొమ్ము వేరొకరిది. నమ్మి అప్పగించారు. అప్పగించినవాడు ఒప్పుకోని రీతిలో వీడు వాడుకున్నాడు. ఈ మూడో ముక్క ఎవరు చెప్పాలి? అప్పగించినవాడే చెప్పాలి. "నేను ఇందుకోసం ఇవ్వలేదు" అని ఎవడో ఒకడు కోర్టులో నిలబడి అనాలి. అది కంపెనీ అయితే కంపెనీ లెక్కలు, రూల్సు, ఆడిట్, ఇవన్నీ బాధితుడి బీరువాలోనే ఉంటాయి. బాధితుడు బీరువా తాళం ఇవ్వకపోతే? ఇంకా ఘోరం, బాధితుడు వచ్చి "మేం ఒప్పుకున్నామండీ, మా కోసమే ఖర్చుపెట్టాడు" అంటే? అక్కడితో నేరమే లేదు. యజమాని ఒప్పుకున్నాక సొంతం చేసుకోవడం అనే మాటకు అర్థం లేదు. సంస్థ కోసమే చేశానన్నది నిజమైతే కూడా అంతే.

ఇప్పుడు రాజకీయ సంస్థ ఎలా ఉంటుందో చూడండి. జపాన్‌లో ఒక ఎంపీకి సాధారణంగా రెండు మూడు డబ్బుసంచులు ఉంటాయి. సొంత నిధుల సంస్థ ఒకటి, అభిమానుల సంఘం లాంటి కోఎన్‌కై ఒకటి, నియోజకవర్గంలో పార్టీ శాఖ ఒకటి. వీటికి ప్రతినిధి ఎవరు? ఎంపీ గారే. లెక్కలు చూసేది ఎవరు? ఆయన సెక్రటరీ. కాబట్టి "మా డబ్బు పోయింది" అని సంస్థ తరఫున ఎవరు ఫిర్యాదు ఇవ్వాలి? ఎంపీ గారు. ఎవరి మీద? ఎంపీ గారి మీద!

నవ్వుతున్నారు గానీ ఇది జరిగిన సంగతే. 2016లో టోక్యో గవర్నర్ మసుజోయె యోఇచి. గవర్నర్ కాకముందు తన రాజకీయ నిధుల సంస్థ డబ్బుతో ఏం చేశారంటే, కొత్త సంవత్సరం రోజుల్లో కుటుంబంతో కలిసి చిబా ప్రాంతంలో ఒక స్నానాల హోటల్లో దిగారు. రెండుసార్లు. కలిపి సుమారు 3 లక్షల 70 వేల యెన్లు, మీటింగ్ ఖర్చు అని రాశారు. యెన్ అంటే మన అర్ధ రూపాయికి కాస్త అటూ ఇటూగా లెక్కేసుకోండి. బొమ్మలు, కళాఖండాలు కొన్నారు. షాంఘైలో పట్టు చైనా దుస్తులు కొన్నారు. ఎందుకయ్యా అంటే, అవి వేసుకుంటే కాలిగ్రఫీ రాయడానికి చెయ్యి బాగా జారుతుందన్నారు. పిల్లల కామిక్ పుస్తకాలు కూడా ఉన్నాయి ఆ లిస్టులో. జనం మండిపడ్డారు. ఆయన ఇద్దరు లాయర్లను, అదీ మాజీ ప్రాసిక్యూటర్లను పెట్టి విచారణ చేయించుకున్నారు. వాళ్లు చెప్పిన తీర్పులాంటి మాట జపాన్‌లో ఇప్పటికీ జోకులాగా వాడతారు: తగని పనే, కానీ చట్టవిరుద్ధం అనలేం.

ఎందుకు అనలేం? ఆలోచించండి. రాజకీయ నిధుల నియంత్రణ చట్టం 1948 నుంచి ఉంది. అది వచ్చిన డబ్బు రాయమంటుంది, పోయిన డబ్బు రాయమంటుంది. దేనిమీద ఖర్చుపెట్టాలో చెప్పదు. దాదాపు చెప్పదు. హోటల్ అని రాశాడు, హోటల్‌కే ఇచ్చాడు. రాత సరిపోయింది. మరి ఓర్యో? సొమ్ము ఎవరిది? ఆయన సంస్థది. సంస్థ ఎవరిది? ఆయనది. "నేను ఇందుకోసం ఇవ్వలేదు" అనేవాడు ఎక్కడ? చందాలిచ్చినవాళ్లు ఉన్నారు గానీ ఇచ్చేశాక అది వాళ్ల సొమ్ము కాదు. ఆయన పదవి పోయింది, జూన్‌లో రాజీనామా చేశారు. పోయింది పదవే.

బాధితుడు మాట్లాడకపోతే ప్రాసిక్యూటర్లు ఏం చేస్తారు? పక్కదారి వెతుకుతారు. ఇది నాకు భలే ఆసక్తిగా అనిపించే భాగం. ముందు తలుపు తెరుచుకోకపోతే పెరటి తలుపు చూస్తారు. వేరే బాధితుణ్ని వెతుకుతారు, మాట్లాడే బాధితుణ్ని.

కనెమరు షిన్ పేరు విన్నారా? ఎల్‌డీపీలో, అంటే లిబరల్ డెమోక్రటిక్ పార్టీలో, తెర వెనక ప్రధానమంత్రులను నిలబెట్టి, దించినాయన. 1992లో బయటపడింది: ఒక పార్శిల్ రవాణా కంపెనీ, టోక్యో సగావా క్యూబిన్, దాని దగ్గర ఆయన 50 కోట్ల యెన్లు తీసుకున్నారు. మరి శిక్ష? 2 లక్షల యెన్ల జరిమానా. మళ్లీ చదువుతాను: 50 కోట్లు తీసుకుని 2 లక్షలు కట్టారు. ప్రాసిక్యూటర్లు ఆయన్ని పిలిచి ప్రశ్నించను కూడా లేదు, ఒక కాగితం రాసి పంపిస్తే తీసుకున్నారు. చందా పరిమితి దాటితే ఆ చట్టంలో ఉన్న శిక్షే అంత. ఒక మనిషి వచ్చి టోక్యోలో ప్రాసిక్యూటర్ల ఆఫీసు బోర్డు మీద పసుపు రంగు పెయింటు విసిరాడు. ఆ ఫొటో ఆ దేశంలో చాలామందికి గుర్తు.

ఆ తర్వాతేమైంది? 1993 మార్చి 6న అదే కనెమరును అరెస్టు చేశారు. దేనికి? ఆదాయపన్ను ఎగవేతకు. సోదా చేస్తే బాండ్లు, బంగారు కడ్డీలు దొరికాయి. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. డబ్బు అదే రకం డబ్బు, మనిషి అదే మనిషి. ఏం మారింది? బాధితుడు మారాడు. ఇచ్చిన కంపెనీ మాట్లాడదు, పార్టీ మాట్లాడదు, ఆయన సంస్థ అస్సలు మాట్లాడదు. కానీ ఇది రాజకీయ నిధి కాదు, నీ సొంత ఆస్తి అయిపోయింది అన్నప్పుడు పన్ను శాఖ మాట్లాడుతుంది. పన్ను శాఖకు మొహమాటం లేదు. ఎక్కడైనా లేదనుకోండి. కనెమరు కేసు విచారణ నడుస్తుండగానే 1996లో ఆయన చనిపోయారు, తీర్పు రాకుండానే ముగిసిపోయింది.

ఇంకో పెరటి తలుపు మోసం, చీటింగ్ అన్నమాట. 2001లో జపాన్ విదేశాంగ శాఖలో ఒక అధికారి కేసు. ప్రధానమంత్రి విదేశీ పర్యటనలకు వెళ్తే హోటల్ ఏర్పాట్లు చూసే ఆఫీసుకు ఆయన అధిపతి. హోటల్ బిల్లుల్లో తేడా అంటూ రహస్య నిధి నుంచి డబ్బు తీసుకుని సొంత ఖాతాల్లో వేసుకున్నాడు. మొత్తం సుమారు 50 కోట్ల యెన్లు. పందెపు గుర్రాలు కొన్నాడు. మొదట విదేశాంగ శాఖ పోలీసులకు ఇచ్చిన కాగితంలో నేరం పేరు ఓర్యో. అరెస్టు చేసేటప్పటికి పేరు మోసం అయింది. ఏడున్నర ఏళ్ల జైలు పడింది.

ఎందుకు మారింది పేరు? నేను చదువుకున్నది ఇలా: ఓర్యో అంటే ఆ రహస్య నిధి ఎందుకు అప్పగించారు, ఎలా వాడాలి, ఎవరు ఒప్పుకున్నారు, ఇదంతా కోర్టులో విప్పాలి. రహస్య నిధిని విప్పడం ఎవరికిష్టం? మోసం అంటే అంత లోతుకు వెళ్లక్కర్లేదు. ఖర్చు 100 అయింది, 150 అన్నాడు, నమ్మి ఇచ్చారు. అక్కడితో ఆగొచ్చు. బాధితుడు కొంచెమే మాట్లాడి బయటపడొచ్చు. ఇది నా అభిప్రాయమే, పరీక్షలో రాయకండి.

బాధితుడు గట్టిగా మాట్లాడితే ఎంత తేలికో కూడా చూడండి. 2014లో హ్యోగో అనే ప్రిఫెక్చర్, అంటే మన రాష్ట్రం లాంటిది. అక్కడి అసెంబ్లీ సభ్యుడు నొనొమురా ర్యూతారో. ప్రెస్ మీట్‌లో గుక్కపెట్టి ఏడ్చినాయన, మీలో కొందరు ఆ వీడియో చూసే ఉంటారు. ఒక్క ఏడాదిలో 195 సార్లు ఒక్కరోజు ప్రయాణాలు చేశానని లెక్క చూపించాడు. అందులో సగానికి పైగా కినొసాకి అనే వేడినీటి బుగ్గల ఊరికి. పాపం ఎంత ప్రజాసేవ! అసెంబ్లీ ఊరుకోలేదు, తనే పోలీసులకు రాసిచ్చింది. డబ్బు ప్రిఫెక్చర్‌ది, ప్రిఫెక్చర్ వేరు, ఆయన వేరు. 2016లో కోబె జిల్లా కోర్టు మోసం నేరం కింద 3 ఏళ్లు వేసి, 4 ఏళ్లపాటు అమలు నిలిపింది. మొత్తం సొమ్ము సుమారు 91 లక్షల యెన్లు. 50 కోట్లకు 2 లక్షల జరిమానా, 91 లక్షలకు జైలుశిక్ష తీర్పు. తేడా సొమ్ములో లేదు. ఒకచోట "అది మా డబ్బు" అన్నవాడున్నాడు.

ఇప్పుడు 2022కి రండి. ఈ మధ్య జరిగిందే, మీరు పేపర్లో చదివే ఉంటారు. కానీ పేపర్లలో రాని ముక్క ఒకటుంది.

ఎల్‌డీపీలో వర్గాలుండేవి. అబే వర్గం, నికై వర్గం, కిషిదా వర్గం. ఈ వర్గాలు పార్టీలు ఇచ్చేవి. విందు పార్టీలు! టికెట్ సాధారణంగా 20 వేల యెన్లు. ఒక్కో ఎంపీకి ఇన్ని అమ్మాలని కోటా. కోటాకు మించి అమ్మితే ఆ మిగులు ఎంపీకి తిరిగి వచ్చేది. అది వర్గం లెక్కలో రాయరు, ఎంపీ లెక్కలో రాయరు. కొందరైతే మిగులును వర్గానికి పంపకుండానే మధ్యలో ఉంచేసుకున్నారు. దాన్ని నకనుకి అన్నారు, మధ్యలో లాగెయ్యడం.

ఈ నకనుకి దగ్గర లా విద్యార్థి చెవులు నిక్కబొడుచుకోవాలి. వర్గం పేరుతో టికెట్లు అమ్మాడు. వచ్చిన డబ్బు వర్గానిది. వాడి చేతిలో ఉంది. వాడు పంపలేదు. దాన్నేమంటారు? చెప్పండి, గట్టిగా. ఊఁ, ఓర్యో. కనీసం అడగాల్సిన ప్రశ్న అది. మరి 2024 జనవరిలో కేసులు పెట్టినప్పుడు ఏ సెక్షన్ కింద పెట్టారు? రాజకీయ నిధుల చట్టం కింద, నివేదికలో తప్పుడు లెక్క రాసినందుకు. అబే వర్గం అకౌంటెంట్ మీద కేసు సుమారు 67 కోట్ల 50 లక్షల యెన్లకు, అయిదేళ్ల లెక్క. నికై వర్గం అకౌంటెంట్ మీద కేసు. కిషిదా వర్గం మాజీ అకౌంటెంట్ మీద కేసు. ముగ్గురు ఎంపీల మీద కేసు, అందులో ఇకెదా యోషితకాను అరెస్టు చేశారు. ఓర్యో ఒక్కరి మీదా లేదు. ఒక్కరి మీదా!

ఎందుకు లేదో ఇప్పటికి మీకు తెలిసిపోయి ఉండాలి. వర్గం వచ్చి "మా డబ్బు వాడు ఉంచేసుకున్నాడు" అందా? అనలేదు. వర్గానికి తెలుసు, మిగులు ఎలాగూ వాడికే పోయేది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటారు మనవాళ్లు, ఇక్కడ అత్తే అల్లుడి చేతికి సంచి ఇచ్చి పంపింది. అత్త ఒప్పుకున్నాక దొంగతనమేముంది? మిగిలింది ఒక్కటే, లెక్క రాయలేదన్నది. డబ్బు తిన్నాడా లేదా అన్న ప్రశ్న రాత తప్పా ఒప్పా అన్న ప్రశ్నగా మారిపోయింది. రాత తప్పైతే బాధ్యత ఎవరిది? మొదట రాసినవాడిది, అంటే సెక్రటరీది, అకౌంటెంట్‌ది. ఎంపీ గారు "సెక్రటరీ చూసుకున్నాడు, నాకు తెలియదు" అంటారు. జపాన్ పేపర్లలో ఈ వాక్యం అచ్చు అరిగిపోయి ఉంటుంది.

తర్వాత చాలామంది నివేదికలను సరిదిద్దుకున్నారు. ఒక మాజీ మంత్రి సరిదిద్దిన నివేదికలో ఎంత వచ్చింది, తెలియదు, ఎంత ఖర్చయింది, తెలియదు, దేనికి, తెలియదు. వరసగా తెలియదు, తెలియదు. అది ఏ నెలలో అంటే ఫిబ్రవరిలో. జపాన్‌లో చిన్న వ్యాపారులు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్ వేసే నెల. టీకొట్టు వాడు ఒక్కో రసీదు అతికించుకుంటూ కూర్చున్నప్పుడు టీవీలో ఈ వార్త. ఆ ఏడాది అక్టోబరు ఎన్నికల్లో అధికార కూటమి మెజారిటీ పోవడానికి ఇదొక్కటే కారణమని నేననను, కానీ ఈ "తెలియదు" చాలామంది మనసులో ఉంది.

సరే, బాధితుడు మాట్లాడలేదు, మరి ఈ కేసు అసలు ఎలా మొదలైంది? ఇది నేను ఈ పూట ముఖ్యంగా చెప్పాలనుకున్నది. కాస్త నీళ్లు తాగుతాను.

జపాన్ క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో రెండు మాటలున్నాయి. కొకుసో, కొకుహత్సు. వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. కొకుసో అంటే బాధితుడు ఇచ్చే ఫిర్యాదు. కొకుహత్సు అంటే సంబంధం లేని మనిషి ఇచ్చే ఫిర్యాదు. 239వ ఆర్టికల్ మొదటి వాక్యం: నేరం జరిగిందనుకునే ఎవరైనా ఇవ్వొచ్చు. ఎవరైనా! రెండో వాక్యం: ప్రభుత్వ అధికారికి తన పనిలో నేరం కనబడితే ఇచ్చి తీరాలి. ఆ రెండో వాక్యానికి పళ్లు లేవు, ఇవ్వకపోతే జైలేమీ లేదు. మొదటి వాక్యానికి మాత్రం ఉన్నాయి.

కమివకి హిరొషి అని కోబె గకుయిన్ యూనివర్సిటీలో రాజ్యాంగ చట్టం చెప్పే ప్రొఫెసర్. 2022 నవంబరులో కమ్యూనిస్టు పార్టీ పత్రిక అకహతా ఆదివారం సంచికలో ఒక వార్త వచ్చింది, వర్గాలు టికెట్ల ఆదాయం పూర్తిగా రాయడం లేదని. ఈ ప్రొఫెసర్ కూర్చుని కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నాడు. అప్పటి రూలు ప్రకారం ఒక విందు పార్టీకి 2 లక్షల యెన్లకు మించి టికెట్లు కొన్నవాళ్ల పేరు వర్గం తన నివేదికలో రాయాలి. కొన్నది కూడా రాజకీయ సంస్థే అయితే, ఆ సంస్థ తన నివేదికలో "ఫలానా వర్గానికి ఇంత ఇచ్చాం" అని రాస్తుంది. ఇటు రాసింది అటు ఉందా? లేదు. ఇంకోటి చూశాడు, లేదు. ఇంకోటి. డాక్టర్ల సంఘాలు, వ్యాపార సంఘాలు రాసుకున్నవి వర్గాల దగ్గర మాయం. గూఢచర్యం ఏమీ లేదండీ ఇందులో. మన ఇళ్లలో అమ్మ పాలవాడి చిట్టీ, క్యాలెండర్ మీద గీతలు కలిపి చూసుకోదూ, అదే. ఆ తేడాలన్నీ రాసి ప్రాసిక్యూటర్లకు కొకుహత్సు ఇచ్చాడు. అలా ఇస్తూనే పోయాడు. ఏడాది తర్వాత టోక్యో ప్రాసిక్యూటర్ల ప్రత్యేక పరిశోధనా విభాగం కదిలింది.

ఆయనకు పోయిన డబ్బు ఒక్క యెన్ కూడా లేదు. చుట్టం కాడు, సభ్యుడు కాడు. బాధితుడు నోరు మూసుకున్న చోట పక్కింటివాడు నోరు విప్పడమంటే ఇదే.

కొకుహత్సు ఇస్తే మరో ఉపయోగం ఉంది, ఇది లా విద్యార్థులు పట్టుకోవాలి. జపాన్‌లో కేసు పెట్టే అధికారం ప్రాసిక్యూటర్‌ది మాత్రమే. మన దగ్గరలా నేరుగా మేజిస్ట్రేట్ ముందు ప్రైవేట్ కంప్లైంట్ వెయ్యడానికి లేదు. మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి అంతూలే కేసులో 1984లో మన సుప్రీంకోర్టు క్రిమినల్ లాను ఎవరైనా కదిలించొచ్చంది, గుర్తుందా? అక్కడ కదిలించొచ్చు గానీ నడిపేది ప్రాసిక్యూటరే. పైగా 248వ ఆర్టికల్ ప్రకారం నేరం రుజువయ్యేలా ఉన్నా సరే, మనిషి వయసు, పరిస్థితి, తర్వాత ఎలా ప్రవర్తించాడు చూసి వదిలెయ్యొచ్చు. డబ్బు తిరిగి కట్టేశాడు, బాధితుడు జిదాన్, అంటే రాజీ, చేసుకున్నాడు, వదిలేద్దాం. మామూలు ఓర్యో కేసుల్లో ఇది రోజూ జరిగేదే, అందులో తప్పు లేదు కూడా. రాజకీయాల్లో మాత్రం బాధితుడు మొదటి రోజు నుంచే రాజీలో ఉంటాడు!

వదిలేస్తే ఎవరు అడగాలి? అక్కడ ప్రాసిక్యూషన్ రివ్యూ కమిషన్లున్నాయి, 1948 చట్టంతో వచ్చాయి. ఓటర్ల జాబితా నుంచి లాటరీ తీసి 11 మందిని కూర్చోబెడతారు, ఆరు నెలలు. చేపలమ్మే ఆయన, టీచరమ్మ, రిటైరైన రైల్వే ఉద్యోగి, ఎవరైనా కావచ్చు. ప్రాసిక్యూటర్ వదిలేసిన కేసు సరిగ్గా వదిలేశాడా అని చూస్తారు. వీళ్ల తలుపు ఎవరు తట్టొచ్చు? బాధితుడు, ఫిర్యాదు ఇచ్చినవాడు, కొకుహత్సు ఇచ్చినవాడు. చూశారా? బాధితుడు ఎలాగూ తట్టడు. బయటివాడు ముందు కొకుహత్సు ఇచ్చి ఉంటేనే తట్టగలడు. ఆ కాగితం సినిమా టికెట్ లాంటిది, లేకపోతే లోపలికి రానివ్వరు. అందుకే ప్రాసిక్యూటర్లు కొన్నిసార్లు కొకుహత్సును తీసుకోకుండా వెనక్కి పంపుతారు, వివరాలు చాలలేదని.

2009 నుంచి ఈ కమిషన్‌కు బలం పెరిగింది. 11 మందిలో 8 మంది, రెండుసార్లు, కేసు పెట్టాల్సిందే అంటే పెట్టాల్సిందే. అప్పుడు కోర్టు నియమించిన లాయర్లు ప్రాసిక్యూటర్లుగా నడుపుతారు. డెమోక్రటిక్ పార్టీ పెద్ద నాయకుడు ఒజవా ఇచిరో కేసు అలాగే వచ్చింది. ఆయన నిధుల సంస్థ భూమి కొనుగోలు, లెక్కల్లో తేడాలు. ప్రాసిక్యూటర్లు వద్దన్నారు, కమిషన్ రెండుసార్లు కావాలంది, 2011 జనవరి 31న కేసు పడింది. 2012 ఏప్రిల్‌లో నిర్దోషి, నవంబరులో హైకోర్టులోనూ నిర్దోషి. కాబట్టి జనం కూర్చుంటే న్యాయం జరిగిపోతుందని నేను చెప్పడం లేదు. ఆయన రెండేళ్లు కోర్టు చుట్టూ తిరిగారు, రాజకీయంగా ఆ దెబ్బ చిన్నది కాదు. పక్కింటివాడి నోటికి కూడా ఒక ధర ఉంది, అది నిర్దోషి కట్టాల్సి రావచ్చు.

ఏమ్మా? ఆఁ, నాయనమ్మ కేసు. మర్చిపోలేదమ్మా, వస్తున్నాను. గుర్తుచేసినందుకు థాంక్స్.

జపాన్ పార్టీలకు 1995 నుంచి ప్రభుత్వమే డబ్బిస్తోంది. లెక్క తలకు 250 యెన్లు, ఏడాదికి 3 వేల కోట్ల యెన్ల పైమాటే. పసిపిల్లలతో సహా ప్రతి తలకూ. ఆ డబ్బు పార్టీ శాఖల దాకా ప్రవహిస్తుంది. ఇప్పుడు పార్టీ వచ్చి "ఇది మా ఇంటి విషయం, మేం మేం చూసుకుంటాం" అంటే? సొంత మనవడి పొదుపు తీసుకున్న ముసలావిడకు సుప్రీంకోర్టు చెప్పింది, ఆ కుర్చీ ప్రజలదీ, బంధుత్వం పనికిరాదని. మరి పన్నుల డబ్బు పట్టుకుని కూర్చున్న వర్గానికి "మేమంతా ఒక కుటుంబం" అనే మాట ఎలా పనికొస్తుంది? చట్టప్రకారం ఈ రెండూ ఒకటి కావు, నాకు తెలుసు. కుటుంబ మినహాయింపు చట్టంలో రాసి ఉంది, వర్గానికి అలాంటిది రాసిలేదు. రాసి లేకుండానే వర్గం దాన్ని అనుభవిస్తోంది. నా కోపం అక్కడ. కోపం అన్నాను, సిద్ధాంతం అనలేదు.

ప్రభుత్వమే నోరు విప్పకపోతే ఏమవుతుందో ఒక్క నిమిషంలో చెప్పి ముగిస్తాను. ఒసాకా దగ్గర తొయొనకాలో ప్రభుత్వ భూమి. విలువ 95 కోట్ల 60 లక్షల యెన్లు కట్టారు, లోపల చెత్త ఉందని తగ్గించి 2016లో మొరితొమో అనే విద్యాసంస్థకు 13 కోట్ల 40 లక్షలకు ఇచ్చారు. నష్టపోయింది ప్రభుత్వం. ప్రభుత్వం "మాకు నష్టం లేదు, ధర సరైనదే" అంది. పౌరులు నమ్మకద్రోహం కింద కొకుహత్సు ఇచ్చారు. 2018 మే 31న 38 మందినీ వదిలేశారు. రివ్యూ కమిషన్ కొందరి విషయంలో అది సరికాదంది, 2019 ఆగస్టులో మళ్లీ వదిలేశారు, మూసేశారు. మీరు మొదట్లో చేతులెత్తారే, "నా డబ్బేం పోలేదండీ, వెళ్లిరండి" అన్న ఇంటాయన, ఆయన ఈసారి దేశం.

ఇప్పుడు చెప్పండి, కేసు ఉంటుందా? చేతులు. ఈసారి ఎవరూ తొందరగా ఎత్తడం లేదు, మంచిది.

ఇక్కడున్న కుర్రాళ్లు రేపు ఇలాంటి కేసులు చూడబోతారు కాబట్టి చివరగా ఒక పనికొచ్చే ముక్క. తప్పుడు లెక్క నేరానికి కాలపరిమితి 5 ఏళ్లు, నివేదిక ఇచ్చిన రోజు నుంచి. కానీ ఆ నివేదికను ప్రజలు చూడటానికి ఉంచాల్సింది ప్రచురించినప్పటి నుంచి 3 ఏళ్లే. 2018 లెక్క తీసుకోండి. 2019 మొదట్లో ఇచ్చారు, 2019 నవంబరుకు ప్రచురించారు, 2022 నవంబరు దాటాక తీసెయ్యొచ్చు. నేరం మాత్రం 2024 మొదటి దాకా బతికి ఉంటుంది. మధ్యలో ఏడాది పైన, నేరం ఉంది, కాగితం లేదు. అకహతా వార్త వచ్చింది సరిగ్గా ఆ 2022 నవంబరులోనే. అందుకే ఆ దేశంలో ఈ పని చేసే పౌరులు ఏటా నవంబరులో నివేదికలు బయటికి రాగానే అనుమానం ఉన్నా లేకపోయినా ముందు అన్నీ దింపుకుని దాచుకుంటారు.